దెబ్బ తగిలిన చోటికే విచ్చేసే కోబ్నర్ గారికి

మ.రా.రా.శ్రీ కోబ్నర్ ఫినామినన్ గారికి, ఒక సోరియాసిస్ పేషెంటు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. చర్మం ఎర్రబడి పొలుసులు రాలే సోరియాసిస్ లాంటి జబ్బు, దెబ్బ తగిలిన చోట కొత్తగా లేవడాన్నే మీ పేరుతో పిలుస్తారట. మీరు కుశలమేనని నా కుడి పిక్క చూస్తేనే తెలుస్తోంది. బైకు స్టాండు గీరుకున్న గాయం చక్కగా మానింది. మానిన చర్మం మీద, గీత ఎంత పొడవుందో సరిగ్గా అంతే పొడవున, మీరు ఎర్రగా లేచి తెల్లటి పొలుసులు కప్పుకుని కూర్చున్నారు. దెబ్బ తగిలిన 10, 20 రోజుల్లో వచ్చేస్తారట మామూలుగా. మా వీధి కుళాయిలో నీళ్లు కూడా ఇంత నమ్మకంగా రావు.

మీ పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. 1872లో బ్రెస్లౌలో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) హైన్రిష్ కోబ్నర్ అనే చర్మవైద్యుడు మీ సంగతి బయటపెట్టాడు. ఆయన దగ్గరికొచ్చిన ఒకాయనకు గుర్రం కరిచిన చోటా, పచ్చబొట్టు పొడిచిన చోటా సోరియాసిస్ లేచిందట. పాపం గుర్రానికి ఏ జబ్బూ లేదు. జబ్బు మనిషిలోనే ఉంది, దెబ్బ తలుపు తీసిందంతే. గాయం మాన్పడానికి వచ్చిన రక్షణ కణాలు అందరి ఒంట్లోనూ పని కాగానే వెళ్లిపోతాయి. మా ఒంట్లో మాత్రం తిష్ఠ వేసి గోల చేస్తాయి. ఆ గోలకి, నెల పట్టాల్సిన చర్మకణం నాలుగైదు రోజుల్లోనే పైకొచ్చి పొలుసై రాలిపోతుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగోవంతు మందికే మీ దర్శనభాగ్యం. బొల్లి ఉన్నవాళ్లనీ పలకరిస్తుంటారని విన్నాను.

మీ మీద నాకు పెద్ద కోపం లేదండీ. నా గొడవంతా జీతం బత్తెం లేకుండా మీకు పనిచేసిపెడుతున్న మా వాళ్లతో.

మా పెద్దత్తయ్యకి అది మురికి. "బీరపీచుతో గట్టిగా రుద్దరా, అదే పోతుంది" అంటుంది. రుద్దితే పొలుసు ఊడి, కింద చుక్కలు చుక్కలుగా రక్తం. "చూశావా, చెడునెత్తురు పోతోంది!" అని ఆవిడ సంబరం. దిష్టి తగిలిందని బాబాయి మొలతాడు బిగించి కట్టాడు. అది ఒరుసుకున్నంత మేరా మీరు వడ్డాణంలా వెలిశారు. ఇక మంగలి షాపులో కొత్త బ్లేడు వెయ్యవయ్యా అంటే, అతను నాకు కొత్త షాపు చూపించాడు. ఇది అంటుకోదయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఎవరో ఇచ్చిన పసరు రాసి మంటెత్తించిన మేనమామ సంగతి రాస్తే ఉత్తరం చాలదు.

డాక్టరమ్మ చెప్పింది వినండి: ఇచ్చిన మందు మానకు, వాజిలిన్ పట్టించు, గోకకు, పొలుసులు పీకకు, బిగుతు బట్టలు వెయ్యకు, ఎండకు కమిలిపోకు. మా ఇంట్లో ఒక్కరికీ నచ్చలేదు. ఫీజు తీసుకుని వాజిలిన్ రాసుకోమంటుందా అని పెద్దత్తయ్య ఆవిడ చదువునే శంకించింది. రుద్దాలి, గీకాలి, మండాలి, అప్పుడే వైద్యం. మీకు కావాల్సిందీ సరిగ్గా అదే కదా!

ఇంకో విషయం. నా జబ్బు తగ్గాలని పెద్దత్తయ్య తిరపతి మొక్కింది, నా గుండు. కత్తి తల మీద ఎన్నిచోట్ల గీసుకుంటుందో, అన్నిచోట్లా మీకు గదులు బుక్కయినట్టే. మూడు కత్తెర్లు ఇచ్చి వస్తానన్నాను. "అది ఆడవాళ్లకి రా, స్వామి ఒప్పుకోడు" అంది. ఆయన్నయితే బతిమాలుకోవచ్చు, అందుకని కత్తెర్లకే బయల్దేరుతున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ శాశ్వత చిరునామా