గోడలకు నిధులు, పుస్తకాలకు దండాలు

1850లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన పౌర గ్రంథాలయాల చట్టాన్ని మించిన చట్టం ఇంతవరకూ పుట్టలేదని నా గట్టి నమ్మకం. జనాభా 10,000 దాటిన పట్టణంలో ఓటేసిన పన్నుదారుల్లో మూడింట రెండొంతుల మంది సరేనంటే, ఆస్తి విలువలో పౌనుకు అర పెన్నీ మించకుండా లైబ్రరీ కోసం పన్ను వేసుకోవచ్చు. ఆ డబ్బుతో భవనం కట్టొచ్చు, కుర్చీలు కొనొచ్చు, జీతాలివ్వొచ్చు. పుస్తకాలు మాత్రం కొనకూడదు! అవి దాతలెవరో ఇస్తారులే అనుకున్నారు పెద్దలు. పందిరి మనం వేస్తాం, పెళ్లికూతుర్ని ఎవరైనా తీసుకురాకపోతారా?

ఇంత నిఖార్సయిన చట్టాన్ని ఐదేళ్లకే పాడుచేశారు. 1855లో పన్ను పరిమితిని పెన్నీకి పెంచి, పుస్తకాలూ కొనుక్కోమన్నారు. నగర పాలకులకు టెన్షన్ అక్కడే మొదలైంది.

తర్వాత అమెరికా ఉక్కు కుబేరుడు ఆండ్రూ కార్నెగీ వచ్చి 2,500కు పైగా లైబ్రరీ భవనాలకు డబ్బిచ్చాడు. అయితే మామూలుగా ఒక మెలిక పెట్టేవాడు. స్థలం ఊరిదే, పైగా తానిచ్చినదాంట్లో పదోవంతు ఏటేటా ఊరే ఖర్చుపెట్టాలి. ఆ లెక్క చూసి కొన్ని ఊళ్లు దండం పెట్టేశాయి. ఏనుగును ఊరికే ఇస్తానన్నా మావటి జీతం అడిగిన ఆ పెద్దల ముందుచూపే వేరు.

ఇక పాలన. రోడ్డుకు డబ్బు తగ్గిస్తే జనం రోడ్డెక్కుతారు. లైబ్రరీకి తగ్గిస్తే ఎవరు అరుస్తారు? 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు పెట్టి మరీ పెంచుకున్న జనమాయె. అలాగని పూర్తిగా మూసేయరు, అది మోటు పని. ఉద్యోగాల నుంచి జనం వచ్చే సాయంత్రం పూట తాళం వేస్తారు. ఏడాది తిరిగేసరికి జనం రావడం లేదని లెక్క తేలుతుంది. రానిచోటికి నిధులెందుకని మళ్లీ కోస్తారు. సమావేశం ముగిసి కాఫీలొస్తాయి.

షికాగో అయితే 2019లో ఆలస్య రుసుము ఎత్తేసి చేజేతులా కష్టం తెచ్చుకుంది. ఇక రావనుకున్న పుస్తకాలు గుట్టలుగా తిరిగొచ్చాయి. వాటిని మళ్లీ అరల్లో సర్దే మనిషి జీతం ఏ పద్దులో రాయాలి?

కనుక 1850 చట్టాన్ని వెంటనే తిరిగి తేవాలని సవినయంగా కోరుతున్నాను. పెద్ద భవనం, శిలాఫలకం, రిబ్బన్, కత్తెర. బోస్టన్ లైబ్రరీ గుమ్మం మీద చెక్కినట్టే మనమూ 'అందరికీ ఉచితం' అని చెక్కిద్దాం. గోడలు చూసినందుకు ఎవరినీ పైసా అడగం కదా.