రావచ్చో లేదో చెప్పమన్నారు, రానివ్వమనలేదు

సొసైటీగా రిజిస్టరైన సంస్థ ప్రభుత్వ డబ్బుతో నడిచినా, బోర్డు సమావేశాల సంగతి జనానికి చెప్పాల్సిన పని లేదని ఒక వ్యాసకర్త రాశారు. అది సరికాదండీ. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 2(హెచ్) ప్రకారం ప్రభుత్వం గణనీయంగా నిధులిచ్చే స్వచ్ఛంద సంస్థ కూడా పబ్లిక్ అథారిటీయే, అంటే ఈ చట్టం కింద సమాచారం ఇవ్వాల్సిన సంస్థే. 2019లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. సెక్షన్ 4(1)(బి)లో ఎనిమిదో అంశం చూడండి. బోర్డులు, కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చా, మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసిపెట్టే పుస్తకం) చూడొచ్చా అన్నది సంస్థ తనంతట తానే ప్రకటించాలి.

మెలిక కూడా అక్కడే ఉంది. రావచ్చో లేదో చెప్పమన్నారు గానీ, రానివ్వమనలేదు. 'ప్రవేశం లేదు' అని ఒక్క ముక్క రాసి పెడితే ఆ పని అయిపోయినట్టే!

కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల సమావేశాలు జనం ముందే జరగాలనే 1953 నాటి చట్టం, బ్రౌన్ యాక్ట్, ఇంత మొహమాటపడదు. నగర కౌన్సిల్ లాభాపేక్ష లేని ఒక సంస్థకు (నాన్‌ప్రాఫిట్‌కు) నిధులిచ్చి, తన సభ్యుణ్ణి ఓటు హక్కుతో దాని బోర్డులో నియమిస్తే చాలు. ఆ బోర్డు రెగ్యులర్ మీటింగుకు 72 గంటల ముందు అజెండా అతికించాలి, వచ్చినవాళ్లను మాట్లాడనివ్వాలి.

మా ఊళ్లో ఇలాంటి సొసైటీ ఒకదాని మినిట్స్ అడిగితే "పుస్తకం సార్ దగ్గరుందండీ" అన్నారు. ఆ సార్ బదిలీ అయ్యి అప్పటికే ఏడాది! అప్పీలు వేశాక పేజీకి రెండు రూపాయల లెక్కన జెరాక్సులు ఇచ్చారు. చూస్తే సగం పేజీల్లో హాజరు సంతకాలే.