మాస్కే కదా అన్నా!

"మాస్కే కదా అన్నా, పది నిమిషాల పని." ఇందాకే వచ్చిన మెసేజ్, వెనకాలే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (వీడియోకి ఎఫెక్టులు చేసే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్ట్ ఫైల్. ఆర్కే బీచ్‌లో పెళ్లికూతురు నడుచుకుంటూ వస్తోంది. మిట్టమధ్యాహ్నం తీసిన షాట్, ఆకాశం తెల్లగా మాడిపోయింది. దాన్ని తీసేసి సాయంత్రం మబ్బులు పెట్టాలట. అంటే పిల్ల చుట్టూ గీత గీసి ఆకాశం నుంచి విడదియ్యాలి, ఆ గీతే మాస్క్. క్లిప్ నిడివి పది సెకన్లు. సగం పని ఎవరో మహానుభావుడు చేసి వదిలేశాడు.

ఏం చేశాడో చూస్తారా? సెకనుకి 25 ఫ్రేమ్‌ల లెక్కన 250 ఫ్రేమ్‌లు, మాస్క్ పాత్ మీద 250 కీఫ్రేమ్‌లు, అంటే ఈ ఫ్రేమ్‌లో గీత ఇక్కడుండాలని చేత్తో పెట్టిన గుర్తులు. టైమ్‌లైన్ నిండా చీమలబారు. మనిషి మొత్తానికి ఒక్కటే మాస్క్: తల, చేతులు, కొంగు, చేతిలో చెప్పులు అన్నీ కలిపి 60 పైచిలుకు పాయింట్లతో చుట్టేశాడు. ప్లే చేస్తే అంచు ఎసట్లో బియ్యంలా కుతకుతలాడుతోంది. అది కనిపించకుండా ఫెదర్ (అంచుని మసక చేసేది) 40 పెట్టాడు. ఫెదర్ గీతకి సగం లోపలికి, సగం బయటికి పోతుంది నాయనా! అంటే 20 పిక్సెల్‌ల మేర పాత తెల్ల ఆకాశం పిల్ల వెంటే వచ్చేసింది. పెళ్లికూతురు కాస్తా క్యాలెండర్‌లో దేవత అయింది, చుట్టూ కాంతివలయంతో సహా.

ప్రతి ఫ్రేమ్‌కీ కీఫ్రేమ్ కొట్టడాన్ని కష్టపడటం అనుకుంటారు, అక్కడే నాకు కాలుతుంది. ఏ చెయ్యీ ఒకే పాయింట్‌ని 250 సార్లు ఒకేచోట పెట్టలేదు. ఒకసారి పిక్సెల్ ఇటు, ఒకసారి పిక్సెల్ అటు. ఆ తేడాలే ప్లేబ్యాక్‌లో వణుకు. రెండు కీఫ్రేమ్‌ల మధ్య నడక సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే అది నున్నగా తీసుకెళ్తుంది. మనం చూడాల్సింది కదలిక ఎక్కడ దిశ మారుతోందన్నదే. నడకలో మడమ నేలకి ఆనినప్పుడు ఒకటి, కాళ్లు ఒకదాన్నొకటి దాటేటప్పుడు ఒకటి. మామూలు నడకకి అడుగుకి 12, 13 ఫ్రేమ్‌లు పడతాయి, అంటే మొండేనికి ఆరేడు ఫ్రేమ్‌లకొక కీఫ్రేమ్ చాలు. 250 చోట 40. ముందు మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్, తర్వాత దిశ మారే చోట్లు, ఆ తర్వాత మధ్యలో ఎక్కడ జారిందో అక్కడ. జే, కే మీటలతో కీఫ్రేమ్‌ల మధ్య అటూ ఇటూ గెంతుతూ చూస్తే జారిన చోటు తనే చెప్తుంది. అక్కడ కూడా ముందు మాస్క్ మొత్తాన్ని పట్టుకుని జరపాలి, తిప్పాలి. అప్పటికీ కుదరకపోతేనే ఒక్కో పాయింట్ జోలికెళ్లాలి. మనవాళ్లు మాత్రం తిన్నగా పాయింట్లు పీకడం మొదలెడతారు.

మాస్క్‌లు విడివిడిగా గీయండిరా బాబూ అంటే వినరు. తల వేరు, మొండెం వేరు, భుజం నుంచి మోచెయ్యి వేరు, మోచెయ్యి నుంచి మణికట్టు వేరు, ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కేలా. ముంజేతికి ఆరు పాయింట్లు చాలు. ఇంకా మంచి పద్ధతి, మాస్క్‌ని ఫుటేజ్ మీద కాకుండా ఒక సాలిడ్ (ఒకే రంగు పొర) మీద గీసి, ఆ సాలిడ్‌ని ట్రాకింగ్‌కి (మనిషి కదలికని సాఫ్ట్‌వేరే వెంబడించడం) కట్టేసి, దాన్నే ట్రాక్ మ్యాట్‌గా (కింది పొర ఎక్కడ కనిపించాలో చెప్పే అచ్చుగా) వాడటం. పెద్ద కదలిక ట్రాకర్ చూసుకుంటుంది, మాస్క్ పాత్‌కి ఆకారం మార్పు ఒక్కటే మిగులుతుంది.

ఈ ఫైల్‌లో ఇంకో వింత. మధ్య ఫ్రేమ్‌లు ఇంకా నింపకముందు 112వ ఫ్రేమ్ దగ్గర మాస్క్ జంతికలా మెలి తిరిగినట్టుంది. మొదటి పాయింట్ మారిపోతే జరిగేది అదే. మిగతావాటికన్నా కొంచెం పెద్దగా కనిపించే పాయింట్ ఒకటి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ లెక్క అక్కడ మొదలవుతుంది. ఒక కీఫ్రేమ్‌లో అది తల మీద, తర్వాతిదాంట్లో మోకాలి దగ్గర ఉంటే మధ్యలో మెలికే. సరైన పాయింట్ ఎంచుకుని సెట్ ఫస్ట్ వర్టెక్స్ (ఇదే మొదటి పాయింట్ అని చెప్పే కమాండ్) కొడితే పోతుంది. మన మహానుభావుడు ఏం చేశాడు? మెలిక తిరిగిన తొమ్మిది ఫ్రేమ్‌లూ చేత్తో సరిచేశాడు. ఓపికకి దండం.

"రోటో బ్రష్ ఉంది కదా, ఏఐ చేసేస్తుంది కదా" అనే బ్యాచ్ ఒకటి. మనిషి మీద గీత గీస్తే అంచు తనే వెతుక్కునే ఆ రోటో బ్రష్ 2010 నుంచీ ఉంది గురూ, నిన్న పుట్టింది కాదు. ముదురు రంగు చొక్కా, లేత గోడ అయితే బ్రహ్మాండం. గంధం రంగు పట్టుచీర, వెనక ఇసుక అయితే దానికీ తెలీదు, మనకీ తెలీదు.

అన్నిటికన్నా మండేది కొంగు. బీచ్ గాలికి కొంగుకి ఒక లయ ఉండదు, ట్రాకర్‌కి అది అందదు. భుజం నుంచి నడుము దాకా ఒక మాస్క్, ఎగిరే చెంగుకి వేరే మాస్క్, దానికి మాత్రం రెండు మూడు ఫ్రేమ్‌లకొక కీఫ్రేమ్ తప్పదు. అదైనా షూట్ సరిగ్గా ఉంటే. 25 ఫ్రేమ్‌లకి షట్టర్ సెకనులో 50వ వంతు పెడితే కదిలే కొంగు సహజంగా మసకబారుతుంది, గీతని ఆ మసక మధ్యలో పెట్టి మాస్క్‌కి మోషన్ బ్లర్ (కదలిక మసక) వేస్తే అతుకు తెలీదు. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుతురు తగ్గించే అద్దం) కొనడానికి చేతులు రాని కెమెరామన్ ఎండకి షట్టర్‌ని సెకనులో 2000వ వంతుకి ఎక్కించేస్తాడు. ఇక కొంగు ప్రతి ఫ్రేమ్‌లోనూ కత్తిలా తెగి, గెంతులేస్తుంది. దాని మీద మాస్క్‌కి బ్లర్ వేస్తే పదునైన బట్టకి మసక అంచు. ఏం చెయ్యమంటారు?

"పోస్ట్‌లో చూసుకుందాం." అంటే షూట్ అయ్యాక ఎడిటింగ్‌లో సరిచేద్దామని. ఈ ముక్క కనిపెట్టినవాడు దొరికితే బావుణ్ణు. రుషికొండలో అయినా భీమిలిలో అయినా అదే పాట. డ్రోన్ అబ్బాయికి సాయంత్రానికే చేతిలో డబ్బులు పడతాయి. మాస్క్ గీసేవాడికి "పెళ్లయ్యాక చూద్దాం". అప్పుడు కూడా పూర్ణా మార్కెట్‌లో వంకాయల బేరం. క్లిప్‌కి ఇంత అంటారే తప్ప ఎన్ని ఫ్రేమ్‌లు, ఎన్ని మాస్క్‌లు అని ఒక్కడూ అడగడు. పైగా ఫుటేజ్ వాట్సాప్‌లో వీడియోగా పంపుతారు! అది నలిపి నలిపి పంపేసరికి జుట్టు, ఆకాశం ఒకే ముద్ద. డాక్యుమెంట్‌గా పంపు బాబూ అంటే "క్లారిటీగానే ఉందన్నా" అంటాడు, ఫోన్‌లో చూసి.

అసలు ఫుటేజ్ ఉంటే జుట్టు తేలిక. నల్లజుట్టు, తెల్ల ఆకాశం, వెలుతురు తేడాతో కీ తీసి (తెలుపుని సాఫ్ట్‌వేరే తీసేసి నలుపుని ఉంచేలా చేసి), తల చుట్టూ వదులుగా ఒక మాస్క్ కట్టి లోపల వాడుకోవడమే, వెంట్రుక వెంట్రుకా గీయక్కర్లేదు. ఈ ముద్దలో కీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాత మాస్క్ డిలీట్ చేశాను, 250 కీఫ్రేమ్‌లతో సహా. ఇది టైప్ చేస్తుండగానే ఇంకో మెసేజ్. రెండో క్లిప్‌లో పిల్ల జడ విప్పుకుని గుండ్రంగా తిరుగుతుందట. అది కూడా వాట్సాప్‌లోనే పంపాడు.