కోపిష్ఠులంతా నిర్దోషులే

కంచం విసిరినవాణ్ని, పిల్లాడి వీపు విమానం మోత మోగించినవాణ్ని, నడిరోడ్డు మీద ఆటోవాలా కాలర్ పట్టుకున్నవాణ్ని చూసి ‘కాస్త తమాయించుకోవచ్చు కదా’ అంటుంటాం. ఎంత అన్యాయం! సైన్సు వీళ్లందర్నీ ఎప్పుడో నిర్దోషులుగా తేల్చేసింది. తీర్పు కాపీలే మనదాకా రాలేదు.

విధ్వంసం కోరే ప్రవృత్తి మనిషి లోపలే ఉందని 1932లో మనస్తత్వ పండితుడు ఫ్రాయిడ్ ఐన్‌స్టీన్‌కు ఉత్తరం రాసి మరీ చెప్పాడు. ఐన్‌స్టీన్ అడిగింది యుద్ధాల గురించి. దాన్ని కంచాలకు వర్తింపజేసుకోవడం మన బాధ్యత. తర్వాత బాతుల్ని పెంచి, జంతువుల ప్రవర్తన మీద 1973లో నోబెల్ పంచుకున్న లోరెంజ్ కూడా మనవైపే. దూకుడు లోపల ఊరుతూనే ఉంటుందని, దారి దొరక్కపోతే తనంతట తనే తన్నుకొస్తుందని ఆయన వాదన. అంటే ఇంట్లో చెయ్యెత్తేవాడు, పాపం, నిండి పొర్లిన ఓవర్‌హెడ్ ట్యాంకు లాంటివాడు.

1939లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పండితులు ఫ్రస్ట్రేషనే మూలమన్నారు. అనుకున్నది జరక్కపోతే మనిషి మీదపడతాడు. అసలువాడు అందకపోతే అందినవాడి మీద. అత్త మీద కోపం దుత్త మీద అని మన ముసలమ్మలు ఎప్పుడో చెప్పారు గానీ, వాళ్లు యేల్‌లో చదవలేదు. ఎండ కూడా మన పక్షాన సాక్షే. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో చేసిన, 1986లో అచ్చయిన ప్రయోగంలో వేడి ముదిరేకొద్దీ హారన్లు పెరిగాయి, ముఖ్యంగా కిటికీలు దించుకున్న కార్లలోంచి. దీని ఆధారంగా రెంటచింతల, రామగుండం వాసులకు మే నెలంతా క్షమాభిక్ష పెట్టాలని మనవి.

ఇంత బలమైన కేసును డూబ్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు చెడగొట్టారు. 1968లో అచ్చయిన వీళ్ల ప్రయోగం కాలిఫోర్నియాలో జరిగింది. పచ్చలైటు పడ్డాక కూడా కారు కదపకుండా కూర్చోవడమే ప్రయోగం చేసేవాళ్ల పని. ఒకసారి కడిగి మెరుగుపెట్టిన నల్ల క్రైస్లర్, ఇంకోసారి పాత డొక్కు కారు. వెనకున్నవాళ్లలో డొక్కు కారుకు హారన్ కొట్టింది 84 శాతం, క్రైస్లర్‌కు 50 శాతం. ఇద్దరైతే హారన్ దాకా ఆగకుండా డొక్కు కారు బంపర్‌నే గుద్దారు. తమాషా ఏమిటంటే, ‘మీరైతే ఏం చేస్తారు?’ అని విద్యార్థుల్ని విడిగా అడిగితే, ఖరీదైన కారుకే ముందు కొడతామని మగపిల్లలు మీసం మెలేశారు.

ఒళ్లు తెలియని కోపమని మనం వాదిస్తుంటే, ఆ కోపం ముందున్న బండి ఖరీదు లెక్కగట్టి మరీ హారన్ మీద చెయ్యి వేసిందని తేలితే కేసు నిలుస్తుందా? ఇలాంటి పరిశోధనల్ని వెంటనే నిషేధించాలి. హైదరాబాద్‌లో ఎమ్మెల్యే స్టిక్కరున్న బండి పచ్చలైటు దగ్గర ఆగితే వెనకాల ఎంతమంది శాంతమూర్తులు పుట్టుకొస్తారో ఎవరూ లెక్క తీయకూడదు.

ఉప్మాలో ఉప్పు తక్కువైందని ప్లేటు నెట్టేసి గొంతు చించుకుంటున్న ఒక పెద్దమనిషికి మధ్యలో మేనేజర్ ఫోనొచ్చింది. ‘నమస్తే సార్... అబ్బే లేదు సార్, ఖాళీగానే ఉన్నాను సార్’ అన్నాడు, లుంగీ సర్దుకుని నిలబడి. ఫోన్ పెట్టేసి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మళ్లీ అందుకున్నాడు. ఫ్రాయిడ్ చెప్పిన ఆ ఆదిమ ప్రవృత్తి రెండు నిమిషాలు హోల్డ్‌లో ఎలా ఉందని ఆయన భార్య అడగలేదు. ఈ సంగతి ప్రాసిక్యూషన్ వారి చెవిన వేయొద్దని ఆవిడకు మా విన్నపం.