పదో తరగతి బోర్డు పరీక్ష రద్దు కాలేదు

“36 ఏళ్ల తర్వాత కొత్త విద్యా విధానం. పదో తరగతి బోర్డు లేదు. అయిదు దాకా మాతృభాషలోనే చదువు. 9 నుంచి 12 వరకు సెమిస్టర్లు. ఎంఫిల్ రద్దు.” శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఫోన్లలో తిరుగుతున్న ఈ వాట్సాప్ మెసేజ్‌ని నమ్మి పిల్లల చదువు తేలిగ్గా తీసుకోవద్దు.

బోర్డు లేదన్నది పచ్చి అబద్ధం. 2020 జులై 29న కేంద్ర కేబినెట్ ఆమోదించిన జాతీయ విద్యా విధానంలో 4.37వ పేరా చూడండి: 10, 12 తరగతుల బోర్డు పరీక్షలు కొనసాగుతాయని స్పష్టంగా ఉంది. మార్చమన్నది పరీక్ష తీరునే. బట్టీ తగ్గాలి, ఏడాదిలో రెండుసార్లు రాసే వీలుండాలి. సీబీఎస్‌ఈ 2026 నుంచి పదికి రెండో అవకాశం ఇచ్చింది కూడా. బడి చదువును 5+3+3+4 ఏళ్ల నాలుగు దశలుగా విడదీసి, చివరి నాలుగేళ్లు (9 నుంచి 12) ఒకే దశ అనేసరికి మధ్యలో పది ఎగిరిపోయిందని కొందరు అనుకున్నారు. ఆ విభజన పాఠ్యప్రణాళిక కోసం. పైగా విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది, అంటే కేంద్రానికీ రాష్ట్రానికీ దానిపై అధికారం ఉంది. మన పిల్లలకు పది పరీక్ష పెట్టేది రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం.

సెమిస్టర్లు ఒక సూచన మాత్రమే. పీహెచ్‌డీకి ముందు చేసే ఎంఫిల్ డిగ్రీ రద్దన్న మాట నిజం. పాత విధానం 1986 నాటిది, కాబట్టి 36 కాదు, 34 ఏళ్లు.

మాతృభాష దగ్గర ఆగి ఆలోచించాలి. పత్రంలో ఉన్నది “వీలైన చోటల్లా, కనీసం అయిదు వరకు” అని. ఇంగ్లీషు తీసేయమని ఎక్కడా లేదు. అసలు ఎవరి మాతృభాష? ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లున్నాయి. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర భాష మాట్లాడే గిరిజన పిల్లలున్నారు. వాళ్లకు తెలుగు మీడియమూ పరాయిదే. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే సవరలో వాచకాలు రాసి, బడి పెట్టి చదివించారు. ఈ విధానాన్ని నిలదీయాల్సింది ఇక్కడ: సవర వచ్చిన టీచరు, సవర పుస్తకం ఒకటో తరగతి గదికి చేరుతున్నాయా?

పది చదివే పిల్లల తల్లిదండ్రులు పరీక్ష ఫీజు కట్టేటప్పుడే హెచ్‌ఎం దగ్గర నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అడ్మిషన్ రిజిస్టరుతో అక్షరం అక్షరం కలవాలి. పుట్టుమచ్చలు, మీడియం, మొదటి భాష కూడా సరిచూడండి. మొదటి భాష ఒడియాకు బదులు తెలుగు అని పడితే, పరీక్ష రోజు చేతికొచ్చేది తెలుగు పేపరే. గడువు దాటితే అపరాధ రుసుము పడుతుంది, చివరి గడువూ దాటితే ఆ ఏడు పరీక్షే ఉండదు.