వజ్రం దొరకనివాళ్ల వీడియో ఎవరు తీస్తారు?

తొలకరి పడితే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర మండలాల ఎర్ర నేలల్లో పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి. జొన్నగిరి, పెరవలి చుట్టుపక్కల వాటిలో ఎప్పుడో ఒకటి వజ్రమవుతుంది. ఈ వెతుకులాట పాతదే. ఇప్పుడు ఎవరికో రాయి దొరికిందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా యూట్యూబ్‌లో వీడియో, అందులో లక్షల ధర. ఆ వెనకే పిల్లాపాపలతో జనం దిగిపోతారు.

ఆ వీడియోలో ఉండేది దొరికినవాడు ఒక్కడే. పొద్దంతా నడుం వంచి వెతికి, చెట్టు కింద సద్ది తిని, చార్జీలకు చేబదులు తెచ్చిన డబ్బూ పోగొట్టుకుని వట్టి చేతులతో వెనుదిరిగినవాళ్లను ఎవరూ షూట్ చేయరు. మన ఫోన్లో ముక్కాలు మువ్వీసం ఇదే వరస. ర్యాంకు వచ్చిన పిల్ల, గృహప్రవేశం, అమెరికా ఉద్యోగం. దొరకనివాళ్లు లెక్కలోకే రారు, కానీ మన బతుకును కొలుచుకునేది ఆ లెక్కతోనే. ర్యాంకర్ల ఫ్లెక్సీలు ఇంటర్నెట్ రాకముందూ ఉన్నాయి, నిజమే. అవి సర్కిల్ దగ్గరే ఉండిపోయేవి. ఇది పడుకునే మంచం దాకా వచ్చి, అర్ధరాత్రి తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ టెన్షన్ పెడుతోంది.

వీడియోలో కనిపించని మనిషి ఇంకొకరు ఉన్నారు, ఆ చేను రైతు. సరిగ్గా ఆ వానకే ఆయన శనక్కాయ విత్తుతాడు. అప్పు తెచ్చి వేసిన విత్తనం మీద జనం అటూ ఇటూ తొక్కుతుంటే గట్టు మీద నిలబడి బతిమాలుకోవాలి. వీడియోలో ఊరి పేరు, పోయే దారి అన్నీ చెబుతారు. ఆయన్ను ఒక్క మాట అడగరు.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ పుకార్లు పాకి, దేశంలో పలుచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాత వాట్సాప్ మన దగ్గర ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్లకే పంపేలా కట్టడి పెట్టింది. అవసరమైన పనే. అయితే ఆ ఐదుగురిలో ఎవరి కొంప మునుగుతుందో చూడటం కంపెనీ పని కాదు, పంపే మన పని.

జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ అక్కడి బండల మీద ఉన్నాయి. పన్నెండోది మాటను అదుపులో పెట్టుకోమంటుంది. సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగడొద్దు, ఎదుటివాళ్లదాన్ని తక్కువ చేయొద్దంటుంది. వజ్రాలకని వచ్చేవాళ్లు ఆ బండల దాకా కూడా వెళ్లి చూస్తే ఎంత బాగుండు!

వీడియోలు తీయొద్దని నేను అనను. రాయి దొరికిన కూలీ సంతోషం చూడదగ్గదే. తీసేవాళ్లు ముందు రైతును అడగాలి, విత్తనం పడిన చేను దారి చెప్పకూడదు. ఆ రోజు వచ్చి ఉత్తచేతులతో పోతున్న ఇద్దరు ముగ్గురితోనూ మాట్లాడించాలి, ఎంత ఖర్చయిందో వాళ్ల నోటితోనే చెప్పించాలి.