కుర్చీ సరే, బల్లల సంగతేంటి?

ఒక ప్రాంతంలోని సైన్యం, నౌకాదళం, వాయుసేనను ఒకే కమాండర్ కింద పెట్టే థియేటర్ కమాండ్ల మాట వచ్చినప్పుడల్లా చర్చంతా ఒక్కచోటే తిరుగుతోంది: ఏ కమాండ్ ఏ దళానికి దక్కుతుంది, కుర్చీలో ఎవరు కూర్చుంటారు అని. ఆ కమాండర్ గది బయట బల్లల దగ్గర కూర్చునే స్టాఫ్ ఆఫీసర్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. మా గోల వాళ్ల గురించే.

మన సైన్యంలో ఏదైనా బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్స్ చూడండి. కమాండర్‌కి కుడిభుజం, ఎడమభుజం లాంటి ఆఫీసర్లు ఇద్దరుంటారు. బ్రిగేడ్ మేజర్, అంటే బీఎం, మ్యాపు ముందుంటాడు, ఆపరేషన్లు ఆయన పని. రెండో ఆయన్ని డీక్యూ అంటారు. సెలవులు, రేషన్, కిరోసిన్, బండ్లు, మందుగుండు అన్నీ ఈయన నెత్తి మీదే. లద్దాఖ్ కొండల్లో అయితే మంచుకి కనుమలు మూసుకుపోయేలోపే చలికాలమంతటికీ సరిపడా పిండి, పప్పు, నూనె పైకి ఎక్కించాలి, ఆ లెక్క తప్పిందంటే కమాండర్ ఎంత శూరుడైనా జనవరిలో చేతులు కట్టుకు కూర్చోవలసిందే.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన 1971 డిసెంబర్ 16 ఫొటోలో సంతకాలు చేస్తున్న మన తూర్పు కమాండ్ అధిపతి అరోరా, లొంగిపోయిన పాకిస్తాన్ జనరల్ నియాజీ అందరికీ గుర్తే. అంతకుముందే లొంగుబాటు పత్రం ముసాయిదా పట్టుకుని ఢాకాలో దిగి, నియాజీతో మాట్లాడింది తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జాకబ్. స్టాఫ్ అంటే ఫైళ్లు మోసేవాళ్లని ఇంకా అనుకునేవాళ్లు ఆ ఫొటో మళ్లీ చూడాలి, వెనక నిలబడ్డవాళ్లలో జాకబ్ కూడా ఉన్నాడు.

ఇప్పుడు చిక్కేమిటంటే, మూడు దళాల స్టాఫ్ మూడు రకాలుగా పెరిగింది. కార్గిల్ తర్వాత 2001లో మూడు దళాలకూ ఉమ్మడిగా ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్ పెట్టారు, అదే ఏడాది అండమాన్‌లో ఉమ్మడి కమాండ్, 2020కి గానీ మూడు దళాల ఉమ్మడి అధిపతి సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) రాలేదు. మన సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లోనూ, తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలోనూ మూడు యూనిఫాంలవాళ్లూ ఒకే క్లాసులో కూర్చుంటారు. బాగానే ఉంది. కోర్సు అయ్యాక చాలామంది ఎవరి దళానికి వాళ్లు వెళ్లిపోతారు, మళ్లీ ఎవరి ఫారాలు వాళ్లవి, ఎవరి లెక్కలు వాళ్లవి.

కుర్చీల పంపకం కాస్త ఆగినా నష్టం లేదు. ముందు ఒక థియేటర్ స్టాఫ్‌ని ఒకే కప్పు కింద కూర్చోబెట్టి, వచ్చే చలికాలం నిల్వల లెక్క మూడు దళాలకూ కలిపి వేయమనండి. ఎక్కడ తేడా కొడుతుందో మంచు కరిగేలోపే తెలిసిపోతుంది.